ముక్కు దారిన పిట్యూటరీ కణితి

మెదడు ఆపరేషన్ అనగానే మన ఊళ్లలో ముందు అడిగేది గుండు గురించే. తర్వాత కుట్లెన్ని, మాట పడిపోతుందా, కాలూ చెయ్యీ ఆడతాయా అని. పిట్యూటరీ గ్రంథిలో పెరిగే కణితి విషయంలో ఈ ప్రశ్నల్లో చాలావాటికి పని లేదు. తల మీద ఒక్క వెంట్రుక తియ్యరు. 4 మిల్లీమీటర్ల లావు, 18 సెంటీమీటర్ల పొడవు ఉండే ఎండోస్కోపు గొట్టాన్ని ముక్కులోంచి పంపి, దాని పక్కనుంచే పనిముట్లు దూర్చి, కణితిని ముక్కలు ముక్కలుగా బయటికి తెస్తారు. రోగి మామూలుగా వారంలోపే ఇంటికి వచ్చేస్తాడు. పేపర్లో 'ముక్కులోంచి మెదడు కణితి తొలగింపు' అని శీర్షిక పడినప్పుడల్లా దాన్నొక అద్భుతంగా చదువుకుంటున్నాం. ముక్కు దారి కొత్తదేమీ కాదు, నూరేళ్లు దాటింది. ఈ ముప్పై ఏళ్లలో మారింది వేరే. నరసరావుపేట, మాచర్ల, గురజాల వైపు రోగికి అసలు కష్టం ఎదురయ్యేది ఇంకోచోట.

2024 ఆరంభంలో గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో పల్నాడు జిల్లా రోగికి మెలకువగా ఉండగానే, 'పోకిరి' సినిమా చూపిస్తూ మెదడు కణితి తీశారన్న వార్త అందరికీ గుర్తుండే ఉంటుంది. అది పుర్రె తెరిచి చేసిన ఆపరేషన్. కాళ్లూ చేతులూ ఆడించే భాగానికి దగ్గర్లో కణితి ఉంటే, రోగిని కదిలిస్తూ మాట్లాడిస్తూ ఏది తియ్యొచ్చో ఏది తియ్యకూడదో కనిపెడతారు. సినిమా అందుకు పనికొచ్చింది. ముక్కు దారి ఆపరేషన్‌లో సినిమాకు చోటు లేదు. పూర్తి మత్తు ఇస్తారు. రెండూ మెదడు కణితులే అయినా జాతి వేరు, దారి వేరు, ప్రమాదాలు వేరు. వార్తలు చదివి 'మా వాడికీ సినిమా చూపిస్తారా' అని అడిగే బంధువులుంటారు కాబట్టి ఇంత చెప్పాల్సి వచ్చింది.

పిట్యూటరీని మన పాఠ్యపుస్తకాల్లో పీయూష గ్రంథి అంటారు. శనగ గింజంత ఉంటుంది, బరువు అర గ్రాము. రెండు కళ్ల మధ్య నుంచి తిన్నగా వెనక్కి వెళితే, పుర్రె అడుగున చిన్న ఎముక గుంటలో కూర్చుని ఉంటుంది. ఆ గుంటకు కింద స్ఫినాయిడ్ అనే గాలి గది. ఆ గదికి ముందు ముక్కు. అంటే గ్రంథికి అతి దగ్గర దారి ముక్కే. పైనుంచి రావాలంటే మెదడును పక్కకు జరపాలి, కిందనుంచి వస్తే మెదడు జోలికే పోనక్కర్లేదు. ఇంత సులువైన దారి ఉండీ ఇన్నాళ్లు భయపడటానికి కారణం ఇరుగుపొరుగు. గ్రంథికి సరిగ్గా పైన రెండు కంటి నరాలు ఒకదాన్నొకటి దాటుకునే చోటుంది. కుడి ఎడమల మెదడుకు రక్తం మోసే క్యారోటిడ్ ధమనులున్నాయి. కన్ను తిప్పే నరాలు కూడా ఆ పక్కనే పోతాయి. మిల్లీమీటర్ల లెక్కలో పని.

ఈ గ్రంథిలో కణితి అరుదేమీ కాదు. శవపరీక్షలూ స్కానింగులూ కలిపి 2004లో ప్రచురించిన ఒక విశ్లేషణలో దాదాపు ఆరుగురిలో ఒకరికి ఏదో ఒక గడ్డ ఉన్నట్టు తేలింది. వాటిలో అత్యధికం మిల్లీమీటర్లలో ఉండి, మనిషి బతికినన్నాళ్లూ ఏమీ చేయనివి. తలనొప్పికని తీసిన ఎమ్మారైలో 'పిట్యూటరీ మైక్రోఅడినోమా' అని రాగానే బెంబేలెత్తి గుంటూరు పరుగెత్తేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఇబ్బంది పెట్టేవి ఎన్ని అన్న ప్రశ్నకు బెల్జియంలోని లీయేజ్ పట్టణ ప్రాంతంలో ఇల్లిల్లూ లెక్కగట్టినంత పకడ్బందీగా చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. సుమారు 1,064 మందికి ఒకరు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి పల్నాడు జిల్లా పరిధిలో 20 లక్షల పైచిలుకు జనం. ఆ దామాషా ఇక్కడా పడితే దాదాపు 1,900 మంది. ఇది బెల్జియం కొలతతో వేసుకున్న అంచనా మాత్రమే, ఇక్కడ ఎవరూ లెక్కపెట్టింది కాదు. కానీ వీళ్లలో ఎంతమంది పేరు పెట్టుకుని మందు వేసుకుంటున్నారో ఆలోచిస్తే కంగారు పుడుతుంది.

అదే లీయేజ్ లెక్కలో ఇంకో ముక్క ఉంది, శీర్షికల్లోకి ఎప్పుడూ రాదు. ఆ కణితుల్లో మూడింట రెండొంతులు ప్రొలాక్టిన్ అనే హార్మోన్ తయారు చేసేవి. వాటికి మొదటి చికిత్స కత్తి కాదు, మాత్ర. కాబెర్గోలిన్ మాత్ర మామూలుగా వారానికి రెండుసార్లు. చాలామందిలో హార్మోను అదుపులోకి వస్తుంది, కణితి కుంచించుకుపోతుంది, చూపు మీద ఒత్తిడి పడ్డ కేసుల్లో కూడా రోజుల్లోనే తేడా కనపడొచ్చు. మందు పడనివారికీ, మందుకు లొంగని కణితికీ ఆపరేషన్ ఉంది. చిన్నగా, ఒక పక్కకు ఒదిగి ఉన్న కణితికి మంచి చేతి కింద ఆపరేషన్ కూడా న్యాయమైన ఎంపికేనని 2023లో పిట్యూటరీ సొసైటీ నిపుణులు తేల్చారు. అయినా మొదట ప్రొలాక్టిన్ పరీక్ష చేయించకుండా, ఎమ్మారై పట్టుకుని నేరుగా ఆపరేషన్ తేదీ ఇచ్చే చోటు నుంచి లేచి వచ్చేయడమే మంచిది.

ఆ పరీక్షలోనూ తిరకాసులున్నాయి. పెళ్లయి రెండేళ్లయినా పిల్లల్లేరని నరసరావుపేటలో గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లిన అమ్మాయికి నెలసరి ఆగి, రొమ్ము నుంచి పాలు వస్తుంటే ప్రొలాక్టిన్ రాస్తారు. ఎక్కువ వస్తుంది. వెంటనే కణితి అనుకోనక్కర్లేదు. గ్యాస్ అని పొద్దున్నే పరగడుపున వేసుకునే మాత్రల్లో చాలావాటిలో డొంపెరిడోన్ ఉంటుంది, కొన్నిట్లో లెవోసల్పిరైడ్. రెండూ ప్రొలాక్టిన్‌ను పెంచేస్తాయి. మానసిక రోగాలకిచ్చే కొన్ని మందులూ అంతే. థైరాయిడ్ తక్కువైనా పెరుగుతుంది. గర్భం సంగతి చెప్పనే అక్కర్లేదు. మందుల షాపులో చీటీ లేకుండా కొన్న గ్యాస్ మాత్ర సంగతి డాక్టరుకు చెబితే ఎమ్మారై దాకా పోయే ఖర్చు తప్పించుకోవచ్చు. దీనికి తిరగబడ్డ పరిస్థితీ ఉంది. బాగా పెద్ద కణితిలో హార్మోన్ మరీ ఎక్కువైతే పరీక్ష యంత్రం తికమకపడి తక్కువ చూపిస్తుంది. నమూనాను పలుచన చేసి మళ్లీ చేస్తేగాని అసలు అంకె బయటపడదు. పెద్ద కణితి ఉండి ప్రొలాక్టిన్ ఓ మోస్తరుగా వచ్చిందంటే అడగాల్సిన మాట ఇది.

మిగిలిన మూడో వంతులో అన్నిటికన్నా పెద్ద వాటా ఏ హార్మోనూ చేయని కణితులది. చప్పుడు చేయకుండా పెరుగుతాయి. పైకి పెరిగి కంటి నరాల కూడలిని నొక్కినప్పుడే బయటపడతాయి. ఎదురుగా చూపు బాగానే ఉంటుంది, పక్కలు పోతాయి. గుమ్మం దాటుతుంటే భుజం తగులుతుంది. మోటారు సైకిల్ మీద పోతుంటే పక్కనుంచి వచ్చిన లారీ దగ్గరికొచ్చేదాకా తెలియదు. మొదట కళ్లజోడు మారుస్తారు. నడివయసు దాటితే శుక్లం అంటారు, తీయిస్తారు. ఆ తర్వాతా చూపు కుదుటపడకపోతే అప్పుడు స్కానింగ్. పెదకాకాని, విజయవాడ కంటి ఆసుపత్రుల్లో చూపు పరిధిని కొలిచే యంత్రాలున్నాయి. ఊళ్లో జరిగే కంటి శిబిరంలో ఆ యంత్రం ఉండదు, కానీ వేళ్లుంటాయి. చేయి చాపినంత దూరంలో రోగికి ఎదురుగా కూర్చుని, అతని ఒక కన్ను మూయించి, మనం కూడా దానికెదురుగా ఉన్న మన కన్ను మూసుకుని, కదలకుండా మన ముక్కు వంకే చూడమనాలి. వేళ్లు ఆడిస్తూ పక్కనుంచి మెల్లగా లోపలికి తేవాలి. మనకు కనపడినా అతనికి కనపడకపోతే, రెండో కంటికీ బయటి పక్కే అలా జరిగితే, శుక్లం ఆపరేషన్‌కు ముందు తలకు ఎమ్మారై తీయాలి. పైసా ఖర్చు లేని ఈ పరీక్ష ప్రతి కంటి శిబిరంలో జరిగితే ఎన్ని కళ్లు దక్కుతాయో.

ఎదుగుదల హార్మోన్ చేసే కణితి మనిషి రూపాన్నే మార్చేస్తుంది. వేలి ఉంగరం కోయిస్తేగాని రాదు, ఆడవాళ్లకు మెట్టెలు పట్టవు, చెప్పుల సైజు పెరుగుతుంది, దవడ ముందుకొస్తుంది, గురక, షుగరు, బీపీ. రోజూ చూసే ఇంట్లోవాళ్లకు తెలియదు. నాలుగేళ్ల తర్వాత ఊరొచ్చిన చుట్టం గుర్తుపడతాడు. రోగం మొదలై పేరు పెట్టేలోపు అయిదు నుంచి పదేళ్లు పడుతుందని వైద్య గ్రంథాలే ఒప్పుకుంటాయి. కుస్తీ యోధుడు ఖలీకి ఈ కణితినే 2012లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో తీశారు.

ఏసీటీహెచ్ అనే హార్మోన్ చేసే కణితి వల్ల వచ్చేది కుషింగ్ జబ్బు. ముఖం గుండ్రంగా ఉబ్బడం, మెడ వెనక కొవ్వు, పొట్ట మీద ఊదారంగు చారలు, సన్నబడ్డ కాళ్లు. పల్నాడులో ఇలాంటి ముఖం కనపడితే ముందు అనుమానించాల్సింది పిట్యూటరీని కాదు, మోకాళ్ల నొప్పులకని ఆరెంపీ ఇచ్చిన పొట్లాన్ని. డెక్సామెథాసోన్, బీటామెథాసోన్ మాత్రలు నెలల తరబడి వేసుకున్నవాళ్లకు అచ్చం ఇదే రూపం వస్తుంది. రక్తంలో ఏసీటీహెచ్ అడుగంటి ఉంటే దోషం పిట్యూటరీది కాదు, చాలామటుకు బయటి మందుదే. ఆ మాత్రలను ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికొస్తుంది, అందుకని మెల్లగా తగ్గించాలి. అసలైన కుషింగ్ కణితులు ఎంత చిన్నవంటే ఎమ్మారైలో కనపడనివీ చాలా ఉంటాయి. అప్పుడు తొడ రక్తనాళం నుంచి తీగ పంపి, పిట్యూటరీ నుంచి రక్తం దిగే సిరల దగ్గర నమూనా తీసే పరీక్ష అవసరమవుతుంది. అది జిల్లా కేంద్రంలో జరిగే పని కాదు.

ఇక చరిత్ర. 1907 మార్చి 16న ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో హెర్మన్ ష్లోఫర్ ముక్కును కోసి పక్కకు తిప్పి, తొలిసారి ఆ దారిన పిట్యూటరీ కణితిని చేరాడు. రోగి రెండున్నర నెలలే బతికాడు. 1910లో వియన్నాలో ముక్కు వైద్యుడు ఆస్కార్ హిర్ష్ ముక్కును కోయకుండా రంధ్రంలోంచే వెళ్లాడు. అదీ స్థానిక మత్తుతో. మన కాలపు ఆపరేషన్‌కు నిజమైన పూర్వీకుడు ఇతనే, కానీ పేరు అంతగా వినపడదు. యూదుడు కావడంతో 1938లో వియన్నా వదిలి బోస్టన్ చేరాల్సి వచ్చింది. అమెరికాలో హార్వే కుషింగ్ పై పెదవి కింద కోసే పద్ధతి పట్టుకుని 1910–1925 మధ్య 231 మందికి చేశాడు, మరణాలు 5.6 శాతం. యాంటీబయాటిక్‌లూ స్టెరాయిడ్లూ లేని రోజుల్లో అది నమ్మశక్యం కాని అంకె. అంత చేసినవాడు చివరికి ముక్కు దారి వదిలి పుర్రె దారికే మళ్లాడు. ఆయన మళ్లాడని లోకమంతా మళ్లింది. పెద్దవాళ్లు ఒక పద్ధతి వదిలేస్తే అది మూలపడటానికి తర్కం అక్కర్లేదు, శిష్యులు చాలు.

ఆ దీపం ఆరకుండా ఒక్కడు కాచాడు. కుషింగ్ దగ్గర నేర్చుకున్న నార్మన్ డాట్, ఎడిన్‌బరోలో. 1956లో పారిస్ నుంచి జెరార్ గియో వెళ్లి డాట్ దగ్గర చూసి నేర్చుకున్నాడు. గియో దగ్గర మాంట్రియల్‌కు చెందిన జూల్స్ హార్డీ నేర్చుకుని, 1960ల్లో ఆపరేషన్ మైక్రోస్కోపును ఇందులోకి తెచ్చాడు. దాంతో గ్రంథిని మిగిల్చి కణితిని మాత్రమే తీయడం సాధ్యమైంది. 1990ల దాకా అదే రాజ్యం. మన దేశంలో 1949లో వెల్లూరులో జేకబ్ చాందీ, 1950లో మద్రాసులో బి. రామమూర్తి న్యూరోసర్జరీకి పునాది వేశారు. విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రిలో బాలపరమేశ్వరరావు 1950ల్లో తెలుగునాట దాన్ని మొదలుపెట్టారు. మన పాత తరానికి తలకు పెద్ద జబ్బంటే వెల్లూరు బండెక్కడమే.

మైక్రోస్కోపుకు ఒక లోపం ఉంది. అది బయట నిలబడి లోపలికి చూస్తుంది. ముక్కులో అమర్చిన సన్నటి లోహపు తెరుపు గుండా నేరుగా ఉన్నదే కనపడుతుంది, పక్క మూలలు కనపడవు. ఎండోస్కోపు తన కన్నును లోపలికే తీసుకుపోతుంది. హెరాల్డ్ హాప్కిన్స్ కటకాల అమరిక, 1960ల్లో కార్ల్ స్టోర్జ్ కంపెనీ చేసిన గొట్టాలు లేకపోతే ఇది లేదు. 1992లో ఫ్రాన్స్‌లో జాంకోవ్‌స్కీ బృందం ముగ్గురు రోగులకు పూర్తిగా ఎండోస్కోపుతోనే చేసి ప్రచురించింది. 1995లో సింగపూర్ నుంచి సేథీ, పిళ్లై రాశారు. 1997లో పిట్స్‌బర్గ్‌లో జో, కర్రావ్ 50 మంది లెక్క చూపాక వాదన మారిపోయింది. నేపుల్స్‌లో కప్పాబియాంకా బృందం దాన్ని పాఠంగా మలిచింది.

మరి ఎండోస్కోపు నిజంగా గెలిచిందా? ఆసుపత్రి ప్రకటనలు చెప్పేంత తేలికైన జవాబు లేదు. అమెరికాలో ఏడు కేంద్రాలు కలిసి, హార్మోను చేయని కణితుల మీద రెండు పద్ధతులనూ ముందునుంచీ పోల్చుకుంటూ పోయిన అధ్యయనం ఒకటుంది, పేరు ట్రాన్స్‌స్ఫియర్. కణితి మొత్తం తీయగలిగింది మైక్రోస్కోపుతో 80 శాతం మందిలో, ఎండోస్కోపుతో 83.7 శాతం మందిలో. గణితం ప్రకారం తేడా లేనట్టే. కానీ ఆరు నెలల తర్వాత కొత్తగా హార్మోను లోపం వచ్చినవాళ్లు మైక్రోస్కోపు వైపు 28.4 శాతం, ఎండోస్కోపు వైపు 9.7 శాతం. నా దృష్టిలో ఈ సమీక్ష మొత్తంలో గట్టిగా పట్టుకోవాల్సిన అంకె ఇదే. చీటీలు వేసి రోగులను పంచిన పరీక్ష కాదు కాబట్టి చివరి మాట అనలేం. అయినా కణితి ఎక్కువగా పోవడం కన్నా గ్రంథి ఎక్కువగా మిగలడంలోనే కొత్త పద్ధతి లాభం కనపడుతోంది. బతికినన్నాళ్లూ నాలుగు రకాల మాత్రలు కొనుక్కోవాల్సిన అవసరం తప్పడం రైతు ఇంట్లో చిన్న సంగతి కాదు.

ఆపరేషన్ ఎలా సాగుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. నోటిలోంచి శ్వాస గొట్టం వేసి మత్తిచ్చాక, ముక్కు పొర కుంచించుకుపోయేలా అడ్రినలిన్ మందులో తడిపిన దూది పట్టీలు కొన్ని నిమిషాలు పెడతారు. ఈ ఓపిక లేకపోతే తెర నిండా ఎర్రగా తప్ప ఏమీ కనపడదు. ముక్కు వైద్యుడు ముందు వెళతాడు. పక్క గోడ నుంచి వేలాడే మెత్తటి మడతను బయటికి నెట్టి, స్ఫినాయిడ్ గది సహజ ద్వారం వెతికి, ముక్కు దూలం వెనక చివర కొద్దిగా తీసి రెండు రంధ్రాలనూ లోపల కలిపేస్తాడు. ఇక అతని చేతిలో ఎండోస్కోపు, న్యూరోసర్జన్ రెండు చేతుల్లో సక్షనూ పనిముట్టూ. డ్రిల్లుతో గది అడ్డుగోడలు అరగదీస్తే వెనక గ్రంథి గుంట ఉబ్బు, అటూ ఇటూ క్యారోటిడ్‌ల ఉబ్బులు కనపడతాయి. డాప్లర్ పుల్ల ఆనించి ధమని చప్పుడు విన్నాకే డ్యూరా పొర కోస్తారు. చాలా కణితులు మెత్తగా ఉండి సక్షన్‌కే వచ్చేస్తాయి. తీసే వరసకు నియమం ఉంది. ముందు అడుగు, తర్వాత పక్కలు, చివరికి పైభాగం. పైభాగం ముందే తీస్తే అక్కడి పల్చని పొర కిందికి జారిపోయి మూలల్లో మిగిలిన కణితి కనపడకుండా చేస్తుంది. ఖాళీ అయ్యాక 30 డిగ్రీల వంపు గొట్టం పెట్టి మూలలు వెతుకుతారు. ఎండోస్కోపు జీతం ఎత్తేది ఇక్కడే.

ముయ్యడం తెరవడం కన్నా కష్టం. పై పొర చిరిగితే మెదడు చుట్టూ ఉండే నీరు ముక్కులోకి కారుతుంది, దాంతో పాటు మెనింజైటిస్ ముప్పూ వస్తుంది. ఎండోస్కోపు తొలి ఏళ్లలో విమర్శకులు పట్టుకున్నదీ దీన్నే. అర్జెంటీనాలోని రొసారియోకు చెందిన హదాద్, బసగస్తేగి కనిపెట్టిన పద్ధతి 2006లో ప్రచురితమైంది. ముక్కు దూలం మీది పొరను దాని రక్తనాళంతో సహా లేపి, రంధ్రం మీదికి తిప్పి కప్పడం. పెద్ద ఆపరేషన్లలో 20 శాతం దాటుతూ ఉన్న లీకులు 5 శాతం దరిదాపులకు దిగాయి. మామూలు పిట్యూటరీ కణితికి చాలాసార్లు ఇంత అవసరం రాదు, పొట్ట నుంచి తీసిన కాస్త కొవ్వు, జిగురు సరిపోతాయి. 4కే తెరలు, త్రీడీ ఎండోస్కోపులు, నావిగేషన్ యంత్రాలు ప్రచారంలో ముందుంటాయి గాని, ఈ పొర ముక్క చేసినంత మేలు అవి చేశాయని నేననుకోను.

చేయలేనివీ చెప్పుకోవాలి. క్యారోటిడ్‌ను దాటి పక్కకు పాకిన కణితి ముక్కు దారిన పూర్తిగా రాదు. పీచులా గట్టిపడ్డదీ అంతే. ధమని చిరగడం నూటికి ఒకటికన్నా తక్కువే, జరిగితే మాత్రం చేయి తిరిగినవాళ్లకూ చెమటలు పడతాయి. వాసన కొందరికి తగ్గుతుంది, ముక్కులో చెక్కులు కట్టడం నెలల తరబడి ఉంటుంది. ఎదుగుదల హార్మోన్ కణితి సెంటీమీటరులోపు ఉన్నప్పుడు తీస్తే నూటికి 80 మందికి పైగా నయమవుతారు, పెద్దదయ్యాక దాదాపు సగానికి పడిపోతుంది. మిగిలినదానికి ఇంజెక్షన్లు, రేడియేషన్. గొట్టం ఎంత మంచిదైనా, పదేళ్లు ఆలస్యంగా వచ్చినవాడికి అది పదేళ్లు వెనక్కి తెచ్చివ్వదు.

పరికరం కన్నా చేయి ముఖ్యమనడానికి 1997 నాటి సిరిక్ సర్వే చాలు. అమెరికాలో 958 మంది న్యూరోసర్జన్లను అడిగితే, 500కు పైగా చేసినవాళ్ల దగ్గర ఉపద్రవాలు 200 లోపు చేసినవాళ్ల కన్నా బాగా తక్కువ. అందుకే ప్రతి జిల్లాలోనూ ఈ ఆపరేషన్ ఉండాలన్న కోరిక నాకు సరైనదిగా తోచదు. పిడుగురాళ్లకు మంజూరైన వైద్య కళాశాల వచ్చినా, అక్కడ నెలకొక్క పిట్యూటరీ చేసే సర్జన్ కన్నా గుంటూరులోనో మంగళగిరిలోనో వారానికొకటి చేసే బృందం మేలు. నరసరావుపేట నుంచి గుంటూరు గంటన్నర ప్రయాణం లోపే. మాచర్ల వాళ్లకు గుంటూరు వంద కిలోమీటర్లు దాటుతుంది, సాగర్ మీదుగా హైదరాబాదు నిమ్స్‌కు పోవడమూ వాళ్లకు అలవాటే. 2024 ఫిబ్రవరి 25న జాతికి అంకితమైన మంగళగిరి ఎయిమ్స్ దగ్గర్లోకి వచ్చింది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకం జాబితాలో స్ఫినాయిడ్ దారి ఆపరేషన్ ఉంది. దారి, డబ్బు రెండూ కొంతవరకు కుదిరినట్టే.

కుదరంది ఇంటికి వచ్చాక. ఏడో రోజు అటూ ఇటూగా కొందరికి రక్తంలో సోడియం పడిపోతుంది. అప్పటికి రోగి దాచేపల్లిలోనో దుర్గిలోనో మంచం మీద ఉంటాడు. తలనొప్పి, వాంతులు, మగత. నీరసం అనుకుని ఆరెంపీని పిలిస్తే గ్లూకోజు బాటిల్ ఎక్కిస్తాడు. సోడియం ఇంకా పడుతుంది, ఫిట్స్ వస్తాయి. ఆ రోజు కావలసింది బాటిల్ కాదు, సోడియం పరీక్ష. ఊళ్లోని ల్యాబులోనే అయిపోతుంది. మరికొందరికి దీనికి విరుద్ధం. నీరు నిలబెట్టే హార్మోన్ తగ్గి రోజుకు అయిదారు లీటర్లు మూత్రం పోతుంది. ఎండాకాలం వార్తల్లో తప్పకుండా వినపడే రెంటచింతలలో మే నెలలో ఆ స్థితిలో ఉన్న మనిషికి దాహమేసినప్పుడు నీళ్లు అందకపోతే చాలు. డెస్మోప్రెసిన్ మందు జిల్లాలో ఏ షాపులో దొరుకుతుందో డిశ్చార్జి రోజునే కనుక్కోవాలి.

ప్రాణం మీదికి తెచ్చే ఇంకో పని మాత్ర మానేయడం. ఆపరేషన్ తర్వాత కార్టిసాల్ హార్మోన్ తగ్గినవాళ్లకు హైడ్రోకార్టిసోన్‌లాంటి మాత్ర రోజూ ఉండాలి. పక్కింటాయన 'స్టెరాయిడ్ ఒంటికి మంచిది కాదురా' అంటాడు, రోగి మానేస్తాడు. నొప్పులకు వాడే స్టెరాయిడ్ వేరు, ఒంట్లో తయారుకానిదాన్ని భర్తీ చేసే స్టెరాయిడ్ వేరు. జ్వరమొస్తే మోతాదు రెట్టింపో అంతకన్నా ఎక్కువో చేయాలి, వాంతులై మాత్ర నిలవకపోతే ఇంజెక్షన్ పడాలి. థైరాయిడ్ విషయంలో ఇంకో ఉచ్చు ఉంది. పిట్యూటరీ దెబ్బతిన్నవాళ్లలో చాలామందికి టీఎస్‌హెచ్ మామూలుగానే వస్తుంది, టీ4 మాత్రం తక్కువ. టీఎస్‌హెచ్ ఒక్కటే చూసి 'నార్మల్' అని పంపేస్తే రోగం దొరకదు. దొరికినా, కార్టిసాల్ సంగతి చూడకుండా థైరాయిడ్ మాత్ర మొదలెడితే ఇంకా ప్రమాదం.

ఈ జాగ్రత్తలు కణితి లేనివాళ్లకూ పనికొస్తాయి. కాన్పులో విపరీతంగా రక్తం పోయి, తర్వాత పాలు పడక, నెలసరి రాక, ఏళ్ల తరబడి నీరసపడే తల్లుల్లో పిట్యూటరీ చచ్చిపడి ఉండొచ్చు. పత్తి చేలో, మిరప చేలో రక్తపింజరి కాటుకు గురై బతికి బయటపడ్డవాళ్లలోనూ కొందరికి ఇదే జరుగుతుంది. కాటు మానిన నెలల తర్వాత మనిషి మందకొడిగా మారితే 'పాము దెబ్బ' అని వదిలేస్తారు. వీళ్లకు ముక్కు ఆపరేషన్ అక్కర్లేదు, అవే మాత్రలు కావాలి.

చదివేవారికి నా మనవి రెండు ముక్కలు. మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ చెప్పారంటే, సంతకం పెట్టేముందు ప్రొలాక్టిన్ చూశారా, ఏడాదికి ఇవి ఎన్ని చేస్తారు, హార్మోన్ల డాక్టరు ఎవరు అని అడగండి. ఉన్నట్టుండి భరించలేని తలనొప్పితో చూపు మసకబారినా, ఆపరేషన్ తర్వాత వంగినప్పుడు ముక్కులోంచి నీళ్లలా కారినా, తెల్లారేదాకా ఆగకండి. ఇక జిల్లా వైద్యాధికారులకు: పల్నాడులోని ప్రతి ప్రభుత్వాసుపత్రిలో, రాత్రిపూట కూడా, సోడియం పరీక్ష జరగాలి, హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాముల వయల్ ఉండాలి. ఈ రెండింటి ఖర్చు ఒక ఎండోస్కోపు ఖరీదులో లెక్కకు కూడా రాదు.